అర్జీలు పాట రూపంలో మాత్రమే

సూర్యారావు గారు కాగితం మీద అర్జీలు తీసుకోవడం మానేసిన దగ్గర్నుంచి మా ప్రాంతంలో పరిపాలన బాగా మెరుగుపడింది. అంతకుముందు పలాసలో ఆయన ఇంటి వరండా నిండా కాగితాలే ఉండేవి. నీళ్ళు రావడం లేదని ఒకటి, రోడ్డు పోయిందని ఒకటి, పింఛను ఆగిందని ఇంకొకటి. చదివే తీరిక లేక, పారేస్తే బాగుండదని, వాటిని పక్కవీధిలో జీడిపప్పు పొట్లాలు కట్టేవాళ్ళకు పంపేవారు. ఇప్పుడు వరండా కడిగిన పళ్ళెంలా ఉంది. అర్జీలు పాట రూపంలో మాత్రమే స్వీకరించబడునని, సదరు పాటను యూట్యూబులో కనీసం లక్షమంది చూసిన పిమ్మటే పరిశీలించబడునని గేటుకు బోర్డు వేలాడదీశారు.

సూర్యారావు గారికి పదవి ఉన్నా లేకపోయినా మా వైపు పనులన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి, లేదా జరగవు. కనుక ఈ బోర్డు వెనక ఉన్న లోతైన ఆలోచనను ఆయనే ఒక సభలో వివరించారు. "కాగితం రాసినోడు ఒక్కడు. పాటంటే పెజలు. లచ్చమందికి నచ్చని కష్టం కష్టమెలాగవుద్ది? నా పెజలు ఏడిస్తే నాను సూడలేను. పాడితే మాత్రం ఎంతసేపైనా ఇంటాను" అన్నారు. సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం.

ఆ తర్వాత మా ఉద్దానంలో కళలు ఎంతగా వికసించాయో పాఠకులకు తెలియంది కాదు. సోంపేట వైపు ఒక ఊరివాళ్ళు కూలిపోయిన కల్వర్టు మీద డ్యూయెట్ తీశారు. కల్వర్టుకు అటువైపు అబ్బాయి, ఇటువైపు అమ్మాయి. పాట బాగా ఆడింది కాబట్టి కల్వర్టు కట్టవద్దని, కడితే ప్రేమకథ చెడిపోతుందని అభిమానులే వినతి చేసుకున్నారు. నందిగాం వైపు రైతులు ధాన్యంలో తేమ శాతం మీద ర్యాప్ పాడారు. అది లక్ష దాటలేదు కాబట్టి ధాన్యం తడిసే ఉంది.

ఇన్ని పాటలు ఎక్కడ తయారవుతాయని మీరు అడగవచ్చు. కాశీబుగ్గలో జీడిపప్పు గోడౌను మీద మేడ గదిలో పాపారావు గారి స్టూడియో ఉంది. పాపారావు గారు పాతికేళ్ళు జీడిపప్పు వ్యాపారం చేసి పాటల్లోకి వచ్చిన మనిషి. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? గింజను కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు వేరు చేసినట్టే పాటనూ చేస్తారు. ఆయన లెక్కలో ఊరి పేరు, రోగం పేరు, ఎవరు ఎవరిని ఏమడుగుతున్నారన్న సంగతి, ఇవన్నీ పొట్టు. పొట్టుతో ఉన్న సరుకు బజార్లో నిలవదు. పాటకు పొట్టు తీయడంలో ఆయన్ని మించినవాళ్ళు ఇచ్ఛాపురం దాకా వెతికినా దొరకరు.

మాటలు రాసేది వరప్రసాదు. ఇతను ఆదివారం పొద్దున బాప్టిస్టు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా వారమంతా స్టూడియోలో ఉంటాడు. ఇతని పద్ధతి చాలా పొదుపైనది. ఒకే వరస, ఒకే దరువు. అందులో బావా అని పెడితే పెళ్ళి డీజేకి, దేవా అని పెడితే క్రిస్మస్ ఆల్బమ్‌కి, నేతా అని పెడితే ఎన్నికలకి. గిట్టనివాళ్ళు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు గాని, వనరులను వృథా చేయకపోవడమని మా అభిప్రాయం. ఒకసారి పెన్ డ్రైవులు తారుమారై ఊరేగింపులో సూర్యారావు గారిని "నా పాపములన్నీ మోసినావయ్యా" అని రెండు కిలోమీటర్లు కీర్తించారు. ఎవరికీ తేడా తెలియలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఇలా అంతా సవ్యంగా నడుస్తుండగా ఎలీసబెతు వచ్చింది.

ఎలీసబెతుది సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్నగెడ్డపేట. భర్త బెన్నీ ఆమెకు మేనత్త కొడుకు, అందుకని పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. బెన్నీ కొబ్బరికాయలు దింపే పనిలో ఉండేవాడు. మా వైపు చాలామందికి వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. రెండు మూత్రపిండాలూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు టెక్కలి వెళ్ళి మిషను మీద నెత్తురు శుభ్రం చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు ఇసుక దారిన రోడ్డు దాకా నడిచి, కిక్కిరిసిన బస్సులో నిలబడాలి. వచ్చేటప్పుడు నిలబడే సత్తువ ఉండదు కాబట్టి బస్సు నేల మీద చతికిలబడాలి. ఊరికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రి భవనం ఉంది, అందులో ఖాళీ గదులున్నాయి. అక్కడ రెండు మిషన్లు పెట్టించమని ఎలీసబెతు కోరిక. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. బెన్నీ కాళ్ళు వాచిపోతున్నాయి, ఇంకెంత కాలం అతను బస్సెక్కగలడోనని ఆమె భయం.

ఈ సంగతే కాగితాల రోజుల్లో రాయించి సూర్యారావు గారింట్లో ఇచ్చి వచ్చింది. కొన్నాళ్ళకు చుట్టాలు తెచ్చిన జీడిపప్పు పొట్లం విప్పితే అది తన అర్జీయే. ఆ తర్వాత గేటుకు బోర్డు పడింది.

అదృష్టవశాత్తు ఆమె దగ్గర పాట ఉంది. బస్సులో బెన్నీ తల తన ఒళ్ళో పెట్టుకుని, అతను కళ్ళు మూయకుండా ఉండాలని ఏదో ఒకటి పాడుతూ ఉండేది. పాడగా పాడగా అదొక పాటయింది. చర్చిలో ఒక ఆదివారం స్త్రీల కూటమిలో పాడితే ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కీబోర్డు దగ్గర ఉన్న వరప్రసాదు కూడా విన్నాడు.

"అక్కా, ట్యూను బావుంది. నాతో కాశీబుగ్గ రా. లచ్చ దాటించే పూచీ నాది" అన్నాడు.

స్టూడియోలో ఆమె పాడిన మాటలు మా దగ్గర ఉన్నాయి. పొట్టుతో ఉన్న పాట ఎలా ఉంటుందో పాఠకులకు తెలియడం కోసం ఇక్కడ ఇస్తున్నాం.

*బావా నా బావా, కన్ను మూయకు బావా,*
*టెక్కలి బస్సులో సీటు లేదు, నా ఒడి ఉన్నాది బావా.*
*ఊరి నీళ్ళు తాగినాం, నెత్తురు సెడిపోనాది,*
*సూదికి సోటు లేదు నీ సేతిన బావా.*
*మనూరి కాడ మిషనెట్టండని మొక్కుతన్నాను,*
*మొక్కు ఇనీవోలు ఎవుళ్ళో సెప్పు బావా.*

పాపారావు గారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. విన్నాక మంచినీళ్ళు తాగారు. "ఇది పాట కాదమ్మా, కంప్లైంటు. కంప్లైంటుకి ఎవుడూ స్టెప్పెయ్యడు. మొదటి ఎనిమిది సెకన్లలో కాలు కదలాల" అన్నారు, పుట్టింటివాళ్ళు చెప్పినంత ఆప్యాయంగా.

"మా బావకి కాలు కదలకే వచ్చినాను బాబూ" అంది ఎలీసబెతు.

ఈ జవాబులోని లయ వరప్రసాదుకు బాగా నచ్చింది. వెంటనే ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

పొట్టు తీయడం మొదలైంది. కన్ను మూయకు అంటే చావు గుర్తొస్తుంది కాబట్టి కన్ను కొట్టకు అని మార్చారు. నెత్తురు అంటే వీడియో కింద యాడ్లు రావట కాబట్టి తీసేశారు. ఊరి నీళ్ళు చెడ్డవంటే ఊరివాళ్ళు నొచ్చుకుంటారు, అదీ పోయింది. సూది గుచ్చిన చేతికి బదులు గాజులేసిన చెయ్యి వచ్చింది. అయితే మగవాడి చేతికి గాజులేమిటని సందేహం కలిగి, ఆ చేతిని అమ్మాయికి బదలాయించారు. ప్రతి మార్పు దగ్గరా ఎలీసబెతు ఒకటే అడిగేది.

"మిషను మాటుంటాదా బాబూ?"

"ఎందుకుండదమ్మా? ఆఖరి చరణం మొత్తం అదే" అనేవాడు వరప్రసాదు.

నిజంగానే ఆఖరి చరణం మొత్తం అదే ఉంది. కాని మూడు నిమిషాలు దాటిన పాట ఈ కాలంలో ఎవరూ వినరు కాబట్టి ఆఖరి చరణం తీసేయవలసి వచ్చింది. ఎలీసబెతు మొహం చిన్నబోతే పాపారావు గారే మధ్యేమార్గం చూపించారు. ఆ చరణాన్ని వీడియో కింద చిన్న అక్షరాల్లో, స్టూడియో ఫోన్ నంబరుకూ చందాదారులకు విజ్ఞప్తికీ నడుమ వేయించారు. ఆమె గొంతులో ఏడుపు జీర ఉందని, స్టూడియో మిషనులో పెట్టి తీసినా పోవడం లేదని, సోంపేట నుంచి కుసుమ అనే డిగ్రీ విద్యార్థినిని పిలిపించి పాడించారు. ఆ పిల్ల మంచి పిల్ల. టెక్కలి ఎప్పుడూ బస్సులో వెళ్ళలేదు గాని, వెళ్ళినట్టే పాడింది. బెన్నీ వేషం విశాఖపట్నంలో జిమ్ము నడిపే కుర్రాడు వేశాడు.

అలా పూర్తయిన పాట ఇది. మీకు ఎలాగూ వచ్చు, అయినా రికార్డు కోసం.

*బావా నా బావా, కన్ను కొట్టకు బావా,*
*టెక్కలి బస్సులో సీటు లేకుంటే నా ఒళ్ళో కూకోవా!*

ఈ రెండు పాదాలే పన్నెండుసార్లు వస్తాయి. మధ్యలో డప్పులు.

లక్ష ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. ఆటోల్లో అదే, పెళ్ళిళ్ళలో అదే, పలాస స్టేషను బయట పళ్ళబళ్ళ దగ్గర అదే. టెక్కలి వెళ్ళే బస్సుకు ఎన్నడూ లేని గౌరవం వచ్చింది. రీల్సు తీసుకోవడానికి సోంపేట నుంచి, ఒడిశా వైపు నుంచి కుర్రకారు వచ్చి పొద్దున్నే సీట్లు పట్టుకునేవారు. బెన్నీకి ముందే సీటు దొరికేది కాదు, ఇప్పుడు నిలబడటానికీ చోటు పోయింది. ఒకరోజు ఎలీసబెతు అతన్ని పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, వెనక సీటు కుర్రాడు మర్యాదగానే చెప్పాడు.

"ఆంటీ, అంకుల్ని కొంచెం పక్కకి జరపరా? ఫ్రేములోకి వస్తున్నాడు."

"ఆ పాట మాదే బాబూ" అంది ఎలీసబెతు.

"అందరిదీ ఆంటీ" అన్నాడా కుర్రాడు.

అర్హత సంపాదించిన అర్జీతో ఎలీసబెతు పలాస వెళ్ళింది. సూర్యారావు గారు పాటను మొదటి నుంచి చివరి దాకా విన్నారు. రెండోసారి పెట్టించుకుని, కాలితో తాళం వేస్తూ విన్నారు. తర్వాత ఆమెను కుర్చీలో కూర్చోమని, ప్రజల కోరిక తనకు స్పష్టంగా అర్థమైందని, కొత్త బస్సు మంజూరు చేయిస్తున్నానని ప్రకటించారు.

"బస్సొద్దు బాబూ. బస్సెక్కే అవసరం లేకండా సేయమని పాడినాను" అంది ఆమె.

"మరి పాటలో అలాగ లేదు గదమ్మా. పాటలో బస్సు ఉంది, సీటు లేదు. నాను సీట్లు ఎక్కువుండే బస్సు ఎయిస్తన్నాను. పాటలో లేనిది ఇచ్చినాననుకో, లచ్చమందినీ మోసం సేసినట్టు కాదా?"

"మిషను మాట కిందన రాసినారు బాబూ. సిన్నచ్చరాల్లోన."

"సిన్నచ్చరాలు సదివే ఓపికుంటే బోర్డెందుకు ఎట్టిస్తానమ్మా" అన్నారాయన. అన్నది అబద్ధం కాదు.

బస్సు వచ్చింది. చాలా అందమైన బస్సు. ఒకవైపు కుసుమ బొమ్మ, ఒకవైపు జిమ్ము కుర్రాడి బొమ్మ, ముందు అద్దం సగం కప్పేస్తూ సూర్యారావు గారి బొమ్మ. ప్రారంభోత్సవం సంతబొమ్మాళిలో పెట్టారు. ఆ రోజు బెన్నీ మిషను మీద పడుకోవలసిన రోజు. రాలేమని ఎలీసబెతు కబురు చేసింది. పాటకు మూలపురుషుడు లేకుండా సభ నిండుగా ఉండదని, ఐదు నిమిషాల్లో వదిలేస్తామని, ఆ కొత్త బస్సులోనే దగ్గరుండి టెక్కలి చేర్పిస్తామని వరప్రసాదు స్వయంగా వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళాడు. మేమూ వెళ్ళాం. మాకు ముందు వరసలో కుర్చీ దొరికింది.

సూర్యారావు గారు మాట్లాడారు. ఉద్దానం ప్రజలు కష్టజీవులని, కష్టంలోనూ పాడతారని, అందుకే వారి కష్టం తీర్చడానికి తనకు మనసొప్పదని అన్నారు. మాట తడబడి అన్నారో కావాలనే అన్నారో గాని, చప్పట్లు ఆగలేదు. తర్వాత పాపారావు గారికి శాలువా కప్పారు. వరప్రసాదుకు శాలువా కప్పారు. ఎలీసబెతుకు కప్పబోయేసరికి శాలువాలు అయిపోయి, పూలదండ వేసి మైకు ఇచ్చారు. రెండు ముక్కలు పాడమన్నారు.

ఆమె పొట్టుతో ఉన్న పాటే పాడింది. ఊరి నీళ్ళ సంగతి పాడింది, నెత్తురు సంగతి పాడింది, సూదికి చోటు లేని చేతి సంగతి పాడింది. మిషను పెట్టమని సూర్యారావు గారి వైపు తిరిగి పాడింది. వరస అందరికీ తెలిసిందే కాబట్టి డప్పుల వాళ్ళు దరువు అందుకున్నారు. జనం లేచి నిలబడ్డారు. పాట అయిపోగానే వన్స్ మోర్ అన్నారు.

ఎలీసబెతు మొహం ఒక్కసారిగా వెలిగింది. విన్నారనుకుంది. ఇన్నాళ్ళకు ఎవరో విన్నారని, అందుకే మళ్ళీ చెప్పమంటున్నారని అనుకుంది. ఇంకా గట్టిగా, మాట మాట విడదీసి పాడింది. సూర్యారావు గారు తల ఊపుతూ పాపారావు గారి చెవిలో, కొత్త మాటలు బావున్నాయి, రెండో భాగం చెయ్యండి అన్నారు.

అప్పుడెవరో వెనక నుంచి, అసలు బావ స్టెప్పెయ్యాల అని అరిచారు. మిగతావాళ్ళు అందుకున్నారు. బావా, బావా అని సభ మొత్తం ఒకటే గొంతు. బెన్నీ వేదిక మీద చివరి కుర్చీలో ఉన్నాడు. ఎండలో చాలాసేపటి నుంచి ఉన్నాడు. ఇంతమంది పిలుస్తుంటే కూర్చుని ఉండటం మర్యాద కాదనుకున్నాడు కాబోలు, లేచాడు. ఒక చెయ్యి నడుం మీద వేసుకున్నాడు. రెండో చేత్తో గాలిలో కుర్చీ కోసం తడిమాడు. మోకాళ్ళు రెండూ ఒకసారి వంగాయి, లేచాయి, మళ్ళీ వంగాయి. పక్కకు ఒరిగి నేల మీదికి జారిపోయాడు.

జనం ఈలలు వేశారు. నిజం చెప్పాలంటే అది స్టెప్పు కాదని ముందు వరసలో ఉన్న మాకు తెలుస్తూనే ఉంది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు కాబట్టి మేమూ నవ్వాం. మైకు పక్కన పడేసి "బావా" అని ఎలీసబెతు పరుగెత్తింది. ఆ అరుపు దరువులో సరిగ్గా పడిందని వరప్రసాదు తర్వాత చెప్పాడు.

మాట ఇచ్చిన ప్రకారం బెన్నీని కొత్త బస్సులోనే పడుకోబెట్టారు. బస్సు వెంటనే కదలలేదు. ముందు జనం ఉన్నారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. దారి ఇవ్వమని ఎలీసబెతు కిటికీలోంచి చేతులు జోడించింది, అదీ వీడియో తీసుకున్నారు. బస్సు టెక్కలి చేరేసరికి బాగా పొద్దుపోయింది. బెన్నీ ఆసుపత్రి గుమ్మం దాటకుండానే పోయాడు.

సూర్యారావు గారు తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. చిన్నగెడ్డపేట మిషన్ల అర్జీ, ఎవరి కోసం పెట్టారో ఆ వ్యక్తి లేనందున, పరిష్కరించబడినదిగా నమోదైంది. బెన్నీ పక్కవీధిలోనే ఇంకో ముగ్గురు టెక్కలి బస్సెక్కుతారు. కాని వాళ్ళెవరూ పాడరు.

ఇక ఆ స్టెప్పు సంగతి. మీకు చెప్పాల్సిన పని లేదు, మీ ఇంట్లో పిల్లలూ వేస్తున్నారు, మొన్న మీ బంధువుల పెళ్ళిలో మీరూ వేశారు. నడుం మీద చెయ్యి, గాలిలో చెయ్యి, మోకాళ్ళు రెండుసార్లు, పక్కకు ఒరగడం, నేల మీదికి జారడం. దానికి బావ స్టెప్పు అనే పేరు స్థిరపడింది. సరిగ్గా ఎలా వేయాలో నేర్పే వీడియోలు ఇప్పుడు మా ప్రాంతం నుంచే ఎక్కువ వస్తున్నాయి. అందరూ శ్రద్ధగానే వేస్తున్నారు గాని, ఒక పొరపాటు మాత్రం అందరిలోనూ కనిపిస్తోంది. జారి కింద పడ్డాక నవ్వుతూ పైకి లేస్తున్నారు. అసలు స్టెప్పులో అది లేదు.